బండి ముందు, పట్టా తర్వాత: ఇంట్లో చిన్న రోలర్ కోస్టర్ కట్టే విధానం

రోలర్ కోస్టర్ నమూనా కట్టాలని కూర్చున్నవారు సాధారణంగా మొట్టమొదట పట్టాలు వంచుతారు. గుట్టలు, లోయలు, మధ్యలో బండి తలకిందులై తిరిగివచ్చే ఒక లూప్ కంటికి ఇంపుగా కుదిరాక చివర్లో ఒక బండి చేసి వదులుతారు. అది రెండో గుట్ట సగం ఎక్కి, వెనక్కి జారి, లోయలో ఊగి ఊగి ఆగిపోతుంది. విజయనగరంలో మా ఇంటి వెనక వరండాలో నేను కట్టిన తొలి నమూనాకు సరిగ్గా ఇదే జరిగింది. ఆరు ఆదివారాల పనిని ముక్కలుగా కోసి పాత ఇనుము కొనేవాడికి వేశాను. వంపుల్లో లోపమేమీ లేదు, తప్పంతా పని వరుసలోనే ఉంది. ముందు బండి చేయాలి, ఆ బండి పట్టా మీద మీటరు దూరానికి రాపిడి వల్ల ఎంత ఎత్తు నష్టపోతుందో కొలవాలి, ఆ అంకెతో గీత గీయాలి, పట్టా వంచడం ఆ తర్వాతే.

దీనికి కారణం ఉంది. అసలు రోలర్ కోస్టర్ రైలు టన్నుల బరువుంటుంది. చక్రాల రాపిడి, గాలి అడ్డు దాని బరువు ముందు చిన్నవి. మన బండి వంద గ్రాములు తూగుతుంది. బేరింగులోని గ్రీజు, అతుకు దగ్గర ఉన్న చిన్న మిట్ట కూడా దానికి పెద్ద అడ్డంకులే. కాబట్టి అసలు దాన్ని ఫొటోలో చూసి అదే నిష్పత్తిలో కుదించి కడితే అది నడవదు.

కొలత, సామాను

మొదటి నమూనాకు 60 సెంటీమీటర్ల ఎత్తు, 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న స్థలం చాలు. నిష్పత్తిగా నేను 1:64 తీసుకుంటాను. అలా చూస్తే 60 సెం.మీ. గుట్ట అసలు లోకంలో 38 మీటర్లకు పైబడిన ఎత్తు అవుతుంది. ఈ నిష్పత్తిని ఎంచుకోవడంలో నాకొక స్వార్థం కూడా ఉంది. నమూనా ఎన్ని రెట్లు చిన్నదైతే, దానిలో కాలం ఆ అంకె వర్గమూలం మేరకు వేగంగా నడుస్తుంది. 64కు వర్గమూలం 8 కనుక, అసలు దాని మీద 40 సెకన్లు పట్టే ప్రయాణం ఇక్కడ 5 సెకన్లలో ముగుస్తుంది. చూసేవారికి అది ఎలుక పరుగులా కనిపిస్తుంది. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల చొప్పున తీసి 30 ఫ్రేముల చొప్పున చూపితే సరిగ్గా 8 రెట్లు నెమ్మదిస్తుంది, అప్పుడు బండికి అసలు రైలు బరువు, నడక వచ్చేస్తాయి.

అడుగు పలకకు 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకొని రెండు వైపులా, అంచులకు కూడా వార్నిష్ వేయాలి. సముద్రపు తేమ తగిలే మన జిల్లాల్లో ఒక వైపే వేస్తే శ్రావణం వచ్చేసరికి పలక అప్పడంలా వంకర తిరుగుతుంది. అట్టతో, ఐస్‌క్రీమ్ పుల్లలతో పట్టా చేయమని చెప్పేవారున్నారు. వేసవిలో అది బాగానే ఉంటుంది, వానాకాలంలో జిగురు అతుకులన్నీ వదులవుతాయి.

పట్టాకు నేను ఎన్నో రకాలు ప్రయత్నించి చివరకు వెల్డింగు సామాన్ల దుకాణంలో దొరికే రాగి పూత కడ్డీల దగ్గర ఆగాను. గ్యాస్ వెల్డింగుకు వాడే ఈ ఉక్కు కడ్డీలు మీటరు పొడవున, నిటారుగా వస్తాయి, రాగి పూత వల్ల సోల్డరు, అంటే కరిగించి అతికే లోహం, చక్కగా పట్టుకుంటుంది. కంచెకు వాడే జీఐ తీగ చవకే గాని చుట్టగా వస్తుంది, దాన్ని పూర్తిగా నిటారు చేయడం మన చేతుల్లో పని కాదు. పట్టాలకు 2.5 మి.మీ., రెండు పట్టాలను కలిపే అడ్డ కడ్డీలకు 1.6 మి.మీ. మందం సరిపోతాయి. వీటితో పాటు 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డరు బాగా పట్టేందుకు రాసే ఫ్లక్స్, సన్న ఆకురాయి, గరుకు కాగితం, మంచి పటకారు ఉండాలి.

బండి

బండి పొడవు 70 మి.మీ., ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 45 మి.మీ., రెండు పట్టాల నడుమ మధ్య నుంచి మధ్యకు 30 మి.మీ. ఉండేలా చేయాలి. శరీరానికి 2 మి.మీ. అల్యూమినియం పట్టీ చాలు. చక్రాలకు 4 మి.మీ. రంధ్రం, 13 మి.మీ. బయటి వ్యాసం ఉన్న చిన్న బేరింగులు వాడాలి. త్రీడీ ప్రింటర్ల విడిభాగాలు అమ్మేచోట ఇవి రెండు రకాలుగా దొరుకుతాయి: చుట్టూ గాడి ఉన్నవి, గాడి లేని సాదావి. ఎడమ వైపు రెండూ గాడి చక్రాలు, కుడి వైపు రెండూ సాదా చక్రాలు పెట్టాలి. గాడి చక్రాలు ఎడమ పట్టాను పట్టుకొని దారి చూపిస్తాయి, కుడివి కేవలం బరువు మోస్తాయి. రెండు వైపులా గాడి పెడితే, చేత్తో చేసిన పట్టాలో ఎక్కడో ఒకచోట నడుమ అర మిల్లీమీటరు తగ్గినా చాలు, బండి బిగుసుకుపోతుంది. ఈ ఒక్క మార్పుతో నా కష్టాల్లో సగం తీరిపోయాయి.

పట్టా మెలితిరిగే చోట నాలుగు చక్రాలూ ఒకే సమతలంలో ఉండవు కాబట్టి ఏదో ఒక చక్రం గాలిలోకి లేస్తుంది. ట్రాక్టరు ముందు ఇరుసును గమనించండి. అది నడుమ ఒక పిన్ను మీద నిలిచి, గట్టు ఎక్కినప్పుడు పక్కకు ఒరుగుతుంది. మన బండి ముందు ఇరుసును కూడా అలాగే మధ్యలో ఒకే ఒక్క బోల్టుతో, కాస్త వదులుగా బిగించాలి.

గుట్ట శిఖరం మీద బండి పైకి ఎగరకుండా పట్టా కిందికి చొచ్చుకొనే ఏర్పాటు కావాలి. అసలు రోలర్ కోస్టర్లలో పట్టా కింద నడిచే చక్రాలు ఆ పని చేస్తాయి. అమెరికా ఇంజనీరు జాన్ మిల్లర్ 1919లో దానికి పేటెంటు పొందాకే నిట్టనిలువు దిగుడులు, పదునైన శిఖరాలు కట్టే ధైర్యం వచ్చింది. మనకు చక్రాలు అక్కర్లేదు. ప్రతి చక్రం పక్కన ఒక తీగను వంచి, పట్టా బయటి వైపు నుంచి కిందికి తిప్పి కొక్కెంలా పెట్టి, పట్టాకూ కొక్కేనికీ మధ్య 0.7 మి.మీ. ఖాళీ వదలాలి. మామూలు నడకలో అది పట్టాను తాకకూడదు. కొక్కెం బయటి వైపు నుంచి వస్తుంది కనుక అడ్డ కడ్డీలను పట్టాల లోపలి వైపునే అతకాలని ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

కొత్త బేరింగుల్లో నిండా గ్రీజు ఉంటుంది. వేలితో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోతాయి. పొయ్యికి దూరంగా, ఆరుబయట, చిన్న సీసాలో కిరోసిన్ పోసి బేరింగులను వేసి బాగా కుదిపి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయాలి. అప్పుడు ఊదితే చాలు, గిర్రున తిరుగుతూ ఉంటాయి. చివరగా బరువు. మొత్తం 100 గ్రాములు వచ్చేలా, చేపల వలకు కట్టే సీసం గుండ్లను వీలైనంత కిందుగా అమర్చాలి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకు ఆ పని అప్పగించకూడదు.

నష్టం కొలవడం

రెండు మీటరు కడ్డీలతో, 4 సెం.మీ.కు ఒక అడ్డ కడ్డీ చొప్పున ఒక నిటారు పట్టా చేయండి. దీన్ని ఎప్పటికీ పారేయకూడదు. సమతలంగా ఉన్న బల్ల మీద ఉంచి, ఒక చివర కింద పాత పెళ్లిపత్రికల అట్టలు ఒక్కొక్కటిగా పేరుస్తూ, ప్రతిసారీ బండిని మెల్లగా నెట్టి చూడాలి. వేగం పెరగక, తగ్గక, మొదటి అర మీటరును ఎంతసేపట్లో దాటిందో రెండో అర మీటరునూ అంతసేపట్లోనే దాటితే అట్టల ఎత్తు కొలవాలి. అదే మీ బండి మీటరుకు పోగొట్టుకొనే ఎత్తు. నా బండికి గ్రీజుతో ఉన్నప్పుడు అది 52 మి.మీ., కడిగాక 28 మి.మీ. వచ్చింది. లోయల్లో, మలుపుల్లో పట్టా మీద ఒత్తిడి పెరిగి నష్టం కూడా పెరుగుతుంది కాబట్టి గీతలో నేను 45 మి.మీ. లెక్క వేస్తాను. ఈ విషయంలో పిసినారితనం పనికిరాదు.

రెండింతల తేడా

ఇప్పుడు గోధుమరంగు ప్యాకింగ్ కాగితం నేల మీద పరిచి, పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో అసలు కొలతలోనే గీయాలి. గీతలో ప్రతి ముఖ్యమైన చోటా రెండు అంకెలు రాసుకోవాలి. మొదటిది నికర ఎత్తు, అంటే మొదలైన ఎత్తులోంచి అప్పటివరకు జరిగిన నష్టం తీసివేయగా మిగిలింది. రెండోది ఆ నికర ఎత్తుకూ ఆ చోట పట్టా ఉన్న ఎత్తుకూ మధ్య తేడా. వేగం మొత్తం ఆ తేడాలోనే ఉంది. దాన్ని రెండింతలు చేస్తే మిగతా లెక్కలన్నీ అందులోంచే వస్తాయి, కాలిక్యులేటరులో వర్గమూలాలు నొక్కవలసిన పని లేదు.

గుట్ట శిఖరం దగ్గర వంపు వ్యాసార్థం రెండింతల తేడా కన్నా ఎక్కువ ఉంటే బండి పట్టా మీదే ఉంటుంది, తక్కువైతే పైకి లేచి కొక్కేలకు వేలాడుతుంది. లోయ అడుగున రెండింతల తేడాను వ్యాసార్థంతో భాగించి ఒకటి కలిపితే, పట్టా మీద బండి బరువు ఎన్ని రెట్లు పడుతుందో తెలుస్తుంది. 5 రెట్ల దాకా మన అతుకులు తట్టుకుంటాయి. మలుపులో రెండింతల తేడాను వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది పట్టా వాలు కోణపు టాంజెంటు.

నా నమూనా అంకెలనే ఉదాహరణగా ఇస్తాను. మొదలు 60 సెం.మీ. తొలి లోయ పట్టా వెంట ఒక మీటరు దూరంలో, 5 సెం.మీ. ఎత్తున ఉంది. నికర ఎత్తు 55.5, తేడా సుమారు 50, రెండింతలు 100. వ్యాసార్థం 25 పెట్టాను కనుక బరువు 5 రెట్లు పడుతుంది. రెండో గుట్ట రెండు మీటర్ల దగ్గర. అక్కడ నికర ఎత్తు 51, శిఖరం 36, తేడా 15, రెండింతలు 30. అందుకని శిఖరపు వ్యాసార్థం 35 పెట్టాను. నాలుగు మీటర్ల దగ్గరి మలుపులో నికర ఎత్తు 42, పట్టా ఎత్తు 22, తేడా 20. వ్యాసార్థం 25 కనుక 40ని 25తో భాగిస్తే 1.6, అంటే పట్టా దాదాపు 58 డిగ్రీలు పక్కకు వాలాలి. మొదటిసారి ఈ కోణం చూసి ఎక్కడో పొరపాటు పడ్డానని మూడుసార్లు లెక్క చూసుకున్నాను. లెక్క సరైనదే, నిటారుగా నిలబడ్డట్టు కనిపించే ఆ వాలే సరైనది.

లూప్

లూప్ అనగానే అందరూ నిండు వృత్తం గీస్తారు. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో 1895లో కట్టిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వేలోనూ అలాగే గీశారు, ఎక్కినవారి మెడలు పట్టేశాయి. వృత్తంలో అడుగున వేగం ఎక్కువ, వంపు మాత్రం పైనున్నంతే పదునుగా ఉంటుంది, దెబ్బంతా అక్కడే పడుతుంది. 1976లో కాలిఫోర్నియాలో తెరిచిన రివల్యూషన్ అనే కోస్టరుకు జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ అడుగున విశాలంగా, పైన ఇరుకుగా, నీటిబొట్టు ఆకారంలో లూప్ రూపొందించాక ఆ బాధ తీరింది. మనం కూడా అలాగే, అడుగున 18 సెం.మీ., పైన 8 సెం.మీ. వ్యాసార్థాలతో, 26 సెం.మీ. ఎత్తున గీయాలి.

లూప్ పై భాగంలో బండి పడిపోకుండా ఉండాలంటే అక్కడి రెండింతల తేడా వ్యాసార్థం కన్నా ఎక్కువ ఉండాలి. నా లూప్ పలకకు 4 సెం.మీ. పైన మొదలవుతుంది కనుక దాని శిఖరం 30 సెం.మీ. ఎత్తున, మూడు మీటర్ల దూరంలో ఉంది. నికర ఎత్తు 46.5, తేడా 16.5, రెండింతలు 33. వ్యాసార్థం 8 కనుక బోలెడు మిగులు ఉంది. అడుగున మాత్రం బరువు 6 రెట్లకు దగ్గరగా పడుతుంది కనుక అక్కడ అడ్డ కడ్డీలను 2 సెం.మీ.కు ఒకటి చొప్పున దగ్గర దగ్గరగా వేశాను. లూప్‌లోకి వెళ్లే పట్టా, బయటికి వచ్చే పట్టా ఒకదాన్నొకటి ఢీకొనకుండా మొత్తాన్ని 6 సెం.మీ. పక్కకు జరుపుతూ పోవాలని వేరే చెప్పక్కర్లేదు గాని, కాగితం మీద పక్క నుంచే గీస్తాం కనుక అందరూ ఇది మరచిపోతారు.

వంచడం, అతకడం

కడ్డీని గాలిలో పట్టుకొని వంచితే గతుకులు వస్తాయి. ఏదైనా గుండ్రటి వస్తువు చుట్టూ బొటనవేలితో నొక్కుతూ నెమ్మదిగా చుట్టాలి. వదిలాక ఉక్కు కాస్త వెనక్కి విచ్చుకుంటుంది కాబట్టి కావలసిన దానికన్నా చిన్న అచ్చు తీసుకోవాలి. రెండో గుట్టకు పాత 28 అంగుళాల సైకిలు రిమ్ము వాడాను, దాని వ్యాసార్థం 32 సెం.మీ. దాకా ఉంటుంది, విచ్చుకున్నాక 35 వచ్చింది. లూప్ పైభాగానికి మా అమ్మగారి బుడితి ఊరి ఇత్తడి చెంబు అన్నిటికన్నా బాగా కుదిరింది. మందపాటి పోత కనుక ఎంత నొక్కినా సొట్ట పడలేదు. అడగకుండా తీసినందుకు పడిన మాటలు వేరే సంగతి.

ముందు ఎడమ పట్టా మాత్రమే పూర్తిగా నిలబెట్టాలి. బండికి దారి చూపేది అదే కనుక నున్నదనమంతా దానికే కావాలి. తర్వాత 30 మి.మీ. దూరంలో రెండు గాళ్లు కోసిన చిన్న చెక్కముక్కను కొలతగా పట్టుకొని, దాని ప్రకారం కుడి పట్టాను అమర్చుకుంటూ పోవాలి. అడ్డ కడ్డీలను ముందే లోపలికి సరిపోయే పొడవుకు కోసి పెట్టుకుంటే పని సాగుతుంది. అతికే చోటును గరుకు కాగితంతో రుద్ది, ఫ్లక్స్ రాసి, ముందు కడ్డీని వేడెక్కించి ఆ తర్వాతే సోల్డరు తాకించాలి. సోల్డరు నీళ్లలా పాకితే అతుకు పడినట్టు, ముత్యంలా గుండ్రంగా నిలిస్తే పడనట్టు. కొత్త అతుకు వేడికి పక్క అతుకు ఊడకుండా, దాని మీద తడి దూది అద్ది ఉంచాలి. కిటికీ తెరిచి పని చేయాలి. పని అయ్యాక ఫ్లక్సును తడిగుడ్డతో తుడవకపోతే మూడు రోజుల్లో తుప్పు మొదలవుతుంది.

మీటరు కడ్డీలను కలిపే చోట రెండు పట్టాల అతుకులూ ఎదురెదురుగా రాకూడదు, లోయ అడుగునా రాకూడదు. చివరలను ఆకురాయితో సమం చేసి, కింద ఒక చిన్న ముక్క దన్ను పెట్టి అతికి, పైభాగాన్ని మళ్లీ రుద్దాలి. కళ్లు మూసుకొని గోటితో గీస్తూ పోతే మిట్ట ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆధారాలకు మేదరివారి దగ్గర దొరికే వెదురు బద్దలు చక్కగా పనికొస్తాయి, ఎందుకంటే తేమకు వెదురు పొడవులో దాదాపు మారదు. 15 సెం.మీ.కు ఒక జత చొప్పున, కాళ్లు కింద విశాలంగా విచ్చుకొనేలా నిలిపి, సన్న రాగి తీగతో అడ్డ కడ్డీలకు కట్టాలి. మలుపు బయటి వైపు ఏటవాలు కాలు తప్పనిసరి. పైడితల్లి అమ్మవారి జాతరకు వచ్చే రంగులరాట్నాలను, జెయింట్ వీళ్లను నిలబెట్టే పనివాళ్లను ఒక పూట నిలబడి చూడండి. వాళ్లు నేలను చదును చేయరు, కాళ్ల కింద చెక్క పలకలు పేర్చి యంత్రాన్నే సమతలానికి తెస్తారు. మన పలక కింద కూడా నాలుగు మూలలా అట్టముక్కలు దూర్చే వీలు ఉంచుకోవాలి.

ప్రతి భాగం పూర్తవగానే బండిని పై నుంచి వదిలి చూడాలి. అంతా కట్టాక ఒకేసారి పరీక్షిద్దామనుకుంటే తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు. రెండో గుట్ట దాటిందా, ఎంత వేగం మిగిలింది, ఎక్కడ చప్పుడు మారింది అన్నవి ఒక పుస్తకంలో రాసుకోవాలి. టక్కుమన్న చోట మిట్ట ఉంటుంది, కీచుమన్న చోట కొక్కెం పట్టాకు తగులుతోందని అర్థం.

పైకి లాగడం, ఆపడం

10 సెం.మీ. ఎత్తున్న ప్లాట్‌ఫారం నుంచి 60 సెం.మీ. శిఖరానికి 30 డిగ్రీల వాలుతో మీటరు పొడవు పట్టా పడుతుంది. పాత ప్రింటరులోంచి తీసిన పళ్ల బెల్టును, 12 వోల్టుల గేరు మోటారును వాడవచ్చు. పళ్ల మధ్య 2 మి.మీ. దూరం, కప్పీకి 20 పళ్లు ఉంటే ఒక చుట్టుకు బెల్టు 40 మి.మీ. కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిరిగే మోటారుతో బండి 25 సెకన్లలో పైకి చేరుతుంది. బెల్టుకు ఒక చిన్న తీగ కొక్కేన్ని నైలాన్ దారంతో కుట్టి, బండి అడుగున దానికి అందే అడ్డం పెట్టాలి.

కరెంటు పోతే బండి వెనక్కి జారిపోతుంది. దానికి ప్లాస్టిక్ దువ్వెనే మందు. వాలు పొడవునా దువ్వెనలను పళ్లు పైకి ఉండేలా వరుసగా అతికించి, బండి కింద ఒక సన్నటి రేకును వెనక్కి వాల్చి పెడితే, ఎక్కేటప్పుడు పళ్ల మీదుగా జారుతుంది, వెనక్కి వస్తే తట్టుకుంటుంది. అసలు కోస్టరులో వినిపించే ఆ టకటక చప్పుడు కూడా ఇదే, దాన్ని ఉచితంగా పొందుతాం.

ఆపడానికి అయస్కాంతాల బ్రేకు గురించి చదివి ఉత్సాహపడవచ్చు, కాని మన పట్టాలు ఉక్కువి కనుక అయస్కాంతం వాటికే అతుక్కుంటుంది. పాత టూత్‌బ్రష్షుల తలలు నాలుగైదు వరుసగా, ఒకదానికన్నా ఒకటి అర మిల్లీమీటరు ఎత్తుగా, బండి అడుగుకు రాసుకొనేలా అమర్చితే చాలు. 12 సెం.మీ. ఎత్తున్న బ్రేకు దగ్గరికి నా బండి సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తుంది, మూడో బ్రష్షు దగ్గర మెత్తగా ఆగుతుంది.

వానాకాలం ముగిశాక, దసరాకు చుట్టాలు వచ్చేలోగా, అప్పుడు దాచిన మీటరు పట్టాను బయటికి తీసి అట్టలు పేర్చి మళ్లీ ఒకసారి కొలవండి. 28 ఉన్న నష్టం 35కు చేరిందంటే ముందు చక్రాలు కడగాలి. అప్పటికీ తగ్గకపోతే ఎడమ పట్టా పైభాగాన్ని సన్న గరుకు కాగితంతో రుద్ది, నూనె గుడ్డతో ఒక్కసారి తుడిచి, పొడిగుడ్డతో ఆ నూనెను తీసేయాలి.